రీబాండింగ్ మానేశాక రింగుల జుట్టు వస్తోంది, మధ్యలోనే తెగుతోంది. మూడు నెలల్లో పెళ్లి... ఏం చెయ్యను?

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలి వయసు 27. సొంతూరు కాకినాడ. హైదరాబాద్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో హాస్టల్. పుట్టుకతోనే రింగుల జుట్టు, స్కూల్లో అందరూ ‘నూడుల్స్’ అని ఏడిపించేవారట. డిగ్రీ చివరి ఏడాదిలో స్మూతెనింగ్ చేయించుకున్నారు. ఉద్యోగం వచ్చాక రెండుసార్లు రీబాండింగ్. చివరిది కిందటేడు సెప్టెంబరులో. ‘ఆ ఘాటు వాసన, అన్నేసి గంటలు ఆ కుర్చీలో కూర్చోవడం ఇక నా వల్ల కాదనిపించి మానేశాను’ అని రాశారు. ఈ 14 నెలల్లో సొంత జుట్టు, సాగదీసి చూస్తే, 5 అంగుళాల పైచిలుకు వచ్చింది. దాని కింద నడుము దాకా పాత స్ట్రెయిట్ జుట్టు ఉంది.

రెండూ కలిసేచోట, సరిగ్గా చెవుల దగ్గర, జుట్టు పుటుక్కున తెగుతోంది. పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడుతున్నాయి. ఇది చాలదన్నట్టు ఆగస్టులో డెంగీ వచ్చింది. దీపావళి దాటినప్పటి నుంచి బాత్రూమ్ జాలీ నిండా జుట్టే. అమ్మగారు ‘వారానికి రెండు తలంట్లు పోసుకో, కుంకుడుకాయలే వాడు, ఆ మందులన్నీ విరుగుతాయి’ అంటున్నారు. రూమ్మేట్ కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమంటోంది. పార్లర్ అమ్మాయి ‘రూట్ టచప్ చేస్తే మొత్తం కలిసిపోతుంది అక్కా’ అంది. డెంగీ తగ్గితే మనవరాలి తలనీలాలు ఇప్పిస్తానని నాయనమ్మ తిరుమల వెంకన్నకు మొక్కుకున్నారు. వీటన్నిటి మధ్య మాఘమాసంలో పెళ్లి. పెళ్లిచూపుల్లో కాబోయే అత్తగారు ‘జడ ఎంత నున్నగా ఉందో!’ అని మురిసిపోయారట. ‘ఆ రోజు పొద్దున్నే కుదుళ్లు ఐరన్ చేసుకున్నానని ఆవిడకు తెలియదు, నాకు కాబోయే ఆయనకూ తెలియదు. ఇంతకీ జుట్టు తెగకుండా ఏ నూనె రాసుకోవాలి? లేక కత్తిరించేయాలా?’ ఇదీ వారి ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు వేరువేరు బాధలు కలగలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం. ఈసారి తలస్నానం చేసినప్పుడు రాలిన జుట్టును జాలీలోకి పోనివ్వకుండా ఏరి, తెల్లకాగితం మీద పరిచి చూడండి. నిలువెత్తు వెంట్రుక, ఒక కొసన ఆవగింజకన్నా చిన్న తెల్లని బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడిన జుట్టు. పొట్టిగా ఉండి రెండు కొసల్లోనూ బుడిపె లేకపోతే అది తెగిన జుట్టు.

మొదటి రకం ఎక్కువగా కనిపిస్తే ఆ నేరం రీబాండింగ్‌ది కాదు, డెంగీది. గట్టి జ్వరం వచ్చినప్పుడు చాలా కుదుళ్లు ఒక్కసారిగా పని ఆపేసి విశ్రాంతిలోకి వెళతాయి. వాటి జుట్టు వెంటనే రాలదు, రెండు మూడు నెలలు ఆగి రాలుతుంది. ఆగస్టు జ్వరానికి దీపావళి తర్వాత ఫలితం కనిపించడం లెక్కకు సరిగ్గా సరిపోతోంది. బాలింతలకు జుట్టు ఊడేదీ ఇలాగే. కుదురు చావలేదు కాబట్టి సాధారణంగా ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది. దానికి మీరు చేయగలిగింది కడుపునిండా తినడం. పెళ్లికి సన్నబడాలని రాత్రి భోజనం మానేసే పని పెట్టుకున్నారేమో, పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర మాత్రం వదలకండి. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. రోజూ తలస్నానం చేయని వాళ్లకు ఆ బాకీ అంతా ఒక్క రోజే కనపడి భయపెడుతుంది.

ఇక రెండో రకం, తెగడం. అసలు ఏం జరిగిందో తెలిస్తే ఏ నూనె అన్న ప్రశ్న దానంతటదే పక్కకు తప్పుకుంటుంది.

వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్. దాని పోగుల మధ్య గంధకంతో కట్టిన బంధాలుంటాయి. రింగు నిలబడేది ఎక్కువగా వాటి బలం మీదే. రీబాండింగ్‌లో మొదట పూసే క్రీమ్, సాధారణంగా థయోగ్లైకొలేట్, ఆ బంధాలను తెంచుతుంది. అలా మెత్తబడిన జుట్టును ఐరన్‌తో సాపు చేస్తారు. ఆపైన హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న రెండో క్రీమ్ పూసి, కొత్త ఆకారంలో బంధాలను మళ్లీ వేస్తారు. తెగినవన్నీ తిరిగి అతుక్కోవు. జుట్టు పైపొర పొలుసులూ లేచిపోతాయి. స్మూతెనింగ్‌తో కలిపి ఇది మీకు మూడుసార్లు జరిగింది. వెంట్రుక ప్రాణం లేని పదార్థం, గాయం మానడానికి దానిలో రక్తం లేదు. అందుకే మందుల్ని ‘విరగ్గొట్టే’ కుంకుడుకాయ ఎక్కడా లేదు. కుదురు ఆకారం మాత్రం ఏ క్రీమూ మార్చలేదు కనుక కొత్తగా వచ్చేది మీ రింగుల జుట్టే, అదీ పూర్తి బలంతో.

పట్టు అంచు వేసిన నూలు చీర ఎక్కడ పిగులుతుంది? అంచు కలిసే కుట్టు దగ్గర. మీ జుట్టుదీ అదే కథ. పైన రింగు తిరిగిన గట్టి జుట్టు, కింద నిటారుగా వేలాడే నీరసపు జుట్టు. దువ్వెన లాగినా, జడ బిగిసినా, తువ్వాలుతో రుద్దినా ఆ లాగుడంతా వచ్చి పడేది ఆ కలిసేచోటే. పైగా నడుము దాకా ఉన్న బరువు దానికే వేలాడుతోంది. ఉత్తరం చివర ‘ఎప్పుడూ క్లచ్చరే పెట్టుకుంటాను’ అని మాట వరసకు రాశారు చూడండి, ఆ క్లచ్చర్ పళ్లు రోజూ కరిచేదీ చెవుల ఎత్తులోనే, అంటే అక్కడే. అద్దం ముందు నిలబడి ఒకసారి చూసుకోండి.

కాబట్టి జుట్టుకు ఏం రాశారన్నదానికన్నా వారంలో ఆ చోటును ఎన్నిసార్లు లాగారన్నదే లెక్క.

తలస్నానం రోజే ఎక్కువ నష్టం జరుగుతుంది. తడిసిన జుట్టు ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. రసాయనాలు పడిన జుట్టు నీళ్లు మరీ ఎక్కువ పీల్చుకుని ఉబ్బుతుంది. ఇక్కడో చిక్కుంది. రింగుల జుట్టు పొడిగా ఉన్నప్పుడు దువ్వితే పాడవుతుంది, స్ట్రెయిట్ జుట్టు తడిగా ఉన్నప్పుడు దువ్వితే పాడవుతుంది. మీ తలమీద రెండూ ఉన్నాయి. నడిమార్గం ఏమిటంటే, కండిషనర్ పూసి ఉండగానే చిక్కు తీయడం. తలస్నానానికి ముందు జుట్టును నాలుగు పాయలు చేసి వదులుగా మెలితిప్పి క్లిప్పులు పెట్టండి. షాంపూ మాడుకే, వేళ్ల కొసలతో. జుట్టంతా నెత్తిమీద కుప్పపోసి నురగ వచ్చేలా రుద్దడం మానేయండి. తర్వాత కండిషనర్ ధారాళంగా, కొసలకే కాదు, చెవుల నుంచి కిందికి పూయండి. మీకు అది ముఖ్యంగా కావాల్సింది ఆ కలిసేచోటే. రెండు మూడు నిమిషాలు ఆగి ఒక్కొక్క పాయా విప్పి ముందు వేళ్లతో, తర్వాత పళ్లు బాగా దూరంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి పైకి వస్తూ చిక్కు తీయండి. రెండో చేత్తో కలిసేచోటికి కాస్త కింద, పాత జుట్టును గుప్పిట్లో గట్టిగా పట్టుకోండి. కింద చిక్కు తగిలినా ఆ లాగుడు మీ గుప్పిటి దాటి కలిసేచోటికి పోదు. ఆ కలిసేచోటికి వచ్చేసరికి దువ్వెన పక్కన పెట్టి వేళ్లే వాడండి. హాస్టల్లో బయట ఎవరో తలుపు కొడుతుంటే ఇదంతా కుదరదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి.

తుడుచుకోవడానికి మందపాటి టర్కీ టవల్ వద్దు. పాత కాటన్ చున్నీయో, మెత్తబడిన టీషర్టో చుట్టి నీళ్లు పీల్చనివ్వండి. తడి జుట్టుకు ముడి వేయకండి. తడిగా ఉండగా ఐరన్ పెట్టే పని అసలే వద్దు. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు కడుతుంది, ఆ బుడగ దగ్గర విరుగుతుంది.

నూనె సంగతి. అమ్మగారి మాటలో సగం నిజముంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకగలదు, తలస్నానానికి ముందు రాస్తే నీళ్లలో ప్రొటీన్ కొట్టుకుపోవడాన్ని తగ్గిస్తుంది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదని ముంబయిలో మారికో పరిశోధకులు 2003లో ప్రచురించారు. కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లే అనుకోండి, అయినా పరీక్ష గట్టిగానే చేశారు. ముందు రోజు రాత్రి చెవుల నుంచి కొసల దాకా పలచగా రాస్తే చాలు. అరగంట పాటు మాడంతా మర్దన చేస్తూ జుట్టు నలిపితే చిక్కులు మిగులుతాయి. నూనె తెగడాన్ని తగ్గించగలదు, తెగిన బంధాన్ని అతకలేదు.

కుంకుడుకాయ దగ్గర మాత్రం అమ్మగారితో నాకు పేచీ. అది జిడ్డును ఊడ్చేస్తుంది. గట్టి సొంత జుట్టు తట్టుకుంటుంది కానీ పైపొర లేచిపోయిన జుట్టు గరుకెక్కి ఉండకడుతుంది. ఆ ఉండను విప్పేటప్పుడే తెగేది. అమ్మ చేతి తలంటు వదులుకోలేకపోతే, కాకినాడ వెళ్లినప్పుడు కుంకుడురసం పలచగా తీసి మాడు వరకే పోయమనండి, పైన కండిషనర్ పెట్టుకోండి. వారానికి రెండు మాత్రం ఎక్కువ. గుడ్డు తలకు పట్టించడంకన్నా తినడం నయం. గుడ్డులోని ప్రొటీన్ అణువులు వెంట్రుకలోకి దూరేంత చిన్నవి కావు. ‘హైడ్రొలైజ్డ్ కెరాటిన్’ అనో ‘హైడ్రొలైజ్డ్ ప్రొటీన్’ అనో లేబుల్ మీద ఉన్న మాస్కులు కొంత పట్టుకుంటాయి, నెలకు ఒకటి రెండుసార్లు చాలు. మితిమీరితే జుట్టు పుల్లల్లా అవుతుంది. హాస్టల్లో బోరు నీళ్లయితే ఆ ఉప్పు కూడా జుట్టుమీద పేరుకుంటుంది. ఆఖరి చెంబు మంచినీళ్లు పోసుకున్నా తేడా కనిపిస్తుంది.

రోజువారీ విషయంలో, క్లచ్చర్ మానేసి వదులు జడ వేసుకోండి, రబ్బరు బ్యాండు బదులు గుడ్డ చుట్టిన బ్యాండు వాడండి. అదీ ఒకే ఎత్తులో రోజూ వద్దు. స్కూటీ మీద జుట్టు గాలికి వదలకండి, హెల్మెట్ కింద సాటిన్ గుడ్డ కట్టుకోండి. దిండుకూ సాటిన్ గలేబు ఉంటే మంచిది. ఇంతకుమించి పెద్ద రహస్యాలు లేవు.

ఇప్పుడు అసలు నిర్ణయం. మీ ముందున్న దారులు, వాటి ఖరీదు చెబుతాను. ఎంచుకోవాల్సింది మీరు.

టచప్, అంటే కొత్తగా వచ్చిన జుట్టుకే రీబాండింగ్, చేయిస్తే పెళ్లి ఫొటోల్లో జడ నున్నగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ క్రీమ్ సరిగ్గా కొత్త జుట్టుకే పూసి, పాత జుట్టుకు ఇసుమంత కూడా తగలకుండా ఆపగల చెయ్యి కావాలి. తగిలేది మళ్లీ ఆ కలిసేచోటే. అక్కడ మళ్లీ బంధాలు తెంచితే మిగిలేది ఎంతో చెప్పలేం. డెంగీతో జుట్టు పలచబడ్డ నెలల్లో ఇది చేయడం నాకైతే ధైర్యం చాలదు. పైగా 14 నెలల ఓపిక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అయినా చేయిస్తానంటే చెవి వెనక ఒక్క పాయ మీద ముందు చేసి చూపించమనండి, ముహూర్తానికి కనీసం నెల ముందు.

రూమ్మేట్ చెప్పే కెరాటిన్‌కు పేరే మంచిది. చాలావాటిలో పని చేసేది ఫార్మాల్డిహైడ్‌ను వదిలే పదార్థం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని అమ్మేవాటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉండవచ్చు. పార్లర్లో జుట్టు సాపు చేయించుకున్న ప్రతిసారీ, మొత్తం మూడుసార్లు, కిడ్నీలు దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి గురించి ఫ్రాన్స్ వైద్యులు 2024లో రాశారు. వాడిన క్రీమ్‌లో ఉన్నది ఆ ఆమ్లమే. అందరికీ అలా అవుతుందని కాదు, అడగకుండా కూర్చోకూడదని చెబుతున్నాను. డబ్బా మీది లేబుల్ చూపించనంటే లేచి వచ్చేయండి.

మూడోది కత్తిరింపు. ఇది అన్నీ లేదా ఏమీ లేదు అన్న బేరం కాదు. నడుము దాకా ఉన్నదాన్ని భుజాల కిందికి తెచ్చినా కలిసేచోటుకు వేలాడే బరువు, చిక్కుల పొడవు చాలా తగ్గుతాయి. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి రెండేసి అంగుళాలు తీయిస్తూ పోతే ఏడాదిన్నరలో పాత జుట్టు మొత్తం పోతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంతకంటే తొందరపెట్టే సీసా ఏదీ లేదు. కలిసేచోటు వరకు ఒకేసారి కత్తిరిస్తే ఈ తెగడం రేపటికల్లా ఆగిపోతుంది. అయితే అయిదంగుళాల రింగులు వదిలేస్తే మూడంగుళాలే కనిపిస్తాయి, పెళ్లినాటికి ఇంకో అంగుళం కలుస్తుందంతే.

నాలుగోది నాయనమ్మ మొక్కు. నవ్వకండి, తెగడం ఆగే దారుల్లో అదీ ఒకటి. గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది మాత్రం నిజం కాదు, కుదుళ్ల సంఖ్య మారదు. పెళ్లికి ముందు వద్దని అమ్మగారు అంటే స్వామికి తొందరేమీ లేదు, పెళ్లయ్యాక కొత్త దంపతులుగా ఎలాగూ కొండకు వెళతారు. మూడు కత్తెర్లు ఇచ్చే ఆనవాయితీ కూడా ఉంది, నాయనమ్మ ఒప్పుకుంటుందేమో అడగండి. ఆ మూడు కత్తెర్లూ పాత స్ట్రెయిట్ జుట్టులోంచే పోతాయి కాబట్టి మీకూ నష్టం లేదు.

నా మొగ్గు ఎటో అడిగితే, ఇప్పుడు భుజాల కిందికి కత్తిరించి, మాఘం దాకా జాగ్రత్తగా లాక్కొచ్చి, పెళ్లయ్యాక మిగతాది తీరిగ్గా తీయించుకోవడం. కానీ దీనికో షరతుంది, అత్తగారి సంగతి. కాబోయే భర్తకు ఇప్పుడే మీ రింగుల జుట్టు ఫొటో ఒకటి పంపి ‘నా అసలు జుట్టు ఇదీ’ అని చెప్పడానికి ఒక ఇబ్బందికరమైన ఫోన్ కాల్ ఖర్చవుతుంది. చెప్పకపోతే ఆ ఇంట్లో ప్రతి పండక్కీ పొద్దున్నే తలుపేసుకుని ఐరన్ చేసుకోవాలి, లేదా ఏడాదికోసారి ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ మురిసింది నున్నటి జడకే అయినా, సంబంధం ఖాయం చేసింది జడను చూసి కాదుగదా. ఆయనే వాళ్లమ్మకు చెబితే మరీ తేలిక. ఒకవేళ అక్కడ నుంచి ‘పెళ్లి దాకా స్ట్రెయిట్‌గానే ఉంచుకో’ అన్న మాట వస్తే, అది జుట్టును మించిన సంగతి. దాని గురించి విడిగా ఆలోచించాలి. ఏమీ చెప్పకుండా పెళ్లి రోజుల్లో ఐరన్‌తో నెట్టుకొస్తానంటే అదీ ఒక దారే. వేడి తగ్గించి, పొడి జుట్టు మీద, ఒక పాయకు ఒక్కసారే పెట్టండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు? పాపిడి వెడల్పవుతున్నా, రూపాయి బిళ్లంత ఖాళీలు కనిపించినా, మాడు మండుతున్నా, ఊడటం ఆరు నెలలు దాటినా చర్మవైద్యుల్ని కలవండి. రక్తం, ఐరన్ నిల్వలు, థైరాయిడ్ చూస్తారు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి, థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని అవి తారుమారు చేయగలవు.

చివరగా పెళ్లిరోజు. కత్తిరించిన జుట్టుకు పూలజడ రాదేమోనని బెంగ వద్దు, సవరం ఉన్నదే అందుకు. అయితే సవరాన్ని, పూలజడ బరువును మీ రింగుల మొదళ్లకు, మాడుకు దగ్గరగా వేసిన చిన్న ముడికి కట్టమనండి, కింది స్ట్రెయిట్ జుట్టుకు వేలాడదీయొద్దు. వలమీద అల్లిన తేలిక పూలజడ అడగండి, జడగంటలు ఫొటోల వరకు చాలు. జీలకర్ర బెల్లం, తలంబ్రాల బియ్యం, హెయిర్ స్ప్రే కలిసి ఆ రాత్రికి జుట్టు అట్టకడుతుంది. ఎంత అలసిపోయినా పిన్నులు తీయకుండా పడుకోవద్దు. బెల్లాన్ని పొడి దువ్వెనతో లాగకుండా, మర్నాడు గోరువెచ్చని నీళ్లు పోసి కరగనిచ్చి, కండిషనర్ పట్టించి, మీరే నెమ్మదిగా విప్పుకోండి. ఆడపడుచులు ‘మేం దువ్వుతాం వదినా’ అని ముచ్చటపడి వచ్చినా ఆ ఒక్క పూటకు దువ్వెన ఇవ్వకండి.